మల్లన్న గుట్టబండి

గొర్రెలు కాసేవాడికి కాళ్లు పోతే ఏం చేస్తాడు? మా ఊళ్లో ఈ ప్రశ్న అందరూ వేసుకున్నారు, మల్లన్న ఎదుట తప్ప.

ఆయన అసలు పేరు మల్లికార్జున్. నాకంటే పదేళ్లు పెద్ద. కోస్గి నుంచి ఆటోలో అరగంట పోతే మా ఊరు. ఊరి వెనక మూడుగుండ్ల గుట్ట. గుట్ట అంటే మట్టిదిబ్బ కాదు. ఇల్లంత బండ మీద గదంత బండ, వాటి నడుమ మనిషి దూరేంత సందులు, ఆ సందుల్లో గడ్డి. వానకాలం వస్తే ఊరి చేలన్నీ విత్తేస్తారు. పత్తిచేలో గొర్రె మూతి పెడితే రైతు కట్టె పట్టుకుని వస్తాడు. అందుకే మిరుగం నుంచి, అంటే మృగశిర కార్తె నుంచి, దసరా దాకా మందలకు గుట్ట తప్ప వేరే జాగా లేదు. ఆ నాలుగు నెలలు గుట్ట ఎక్కగలిగినవాడే కాపరి.

మల్లన్న మందలో తొంభైకి పైగా గొర్రెలు ఉండేవి. తండ్రి పోయాక అన్నదమ్ములు పంచుకుంటే వచ్చిన ముప్పైని అంతదాకా పెంచాడు. రెండు వేల ఇరవై ఒకటిలో, పొలాల అమావాస్యకు ముందురోజు, తుంపర పడుతుండగా, సందులో ఇరుక్కున్న గొర్రెను లాగబోయి పాకుడు బండ మీద జారి రెండు నిలువుల లోతున పడ్డాడు. గొంగడిలో వేసుకుని నలుగురం దించాం. అందులో నేనొకణ్ని. మూడు గంటలు పట్టింది. హైదరాబాదు దవాఖానలో డాక్టరు అడిగిన మొదటి మాట, "బల్ల మీద తేలేదా?" అని. దించేటప్పుడు ఆయన నడుము గొంగడిలో ఎన్నిసార్లు మడతపడిందో నాకు తెలుసు. ఆ సంగతి ఇంతవరకు మల్లన్నతో ఎత్తలేదు.

నడుము కిందికి స్పర్శ పోయింది. ఏడాది పాటు ఆయన భార్య స్వర్ణ వదిన తెల్లవారుజామున లేచి మొగుణ్ని శుభ్రం చేసి, పొర్లించి, గంజి తాగించి మంద వెంట గుట్టకు పోయింది. మధ్యాహ్నం పొర్లించాల్సింది మల్లన్న తల్లి గుర్వమ్మ. ముసలమ్మ చేతుల్లో అంత బలం లేదు. వీపు మీద, పిర్రల మీద పుండ్లు పడ్డాయి. పుండ్లు కడగడానికి వదిన ఇంట్లో ఆగిన రోజున మంద దొడ్లో అరుస్తూ ఉండేది. మంద వెంట పోయిన రోజున పుండు పెద్దదయ్యేది.

మరుసటి ఏడు దసరా అయ్యాక మల్లన్న అన్న గుర్వయ్య వచ్చాడు. ఆయనకూ అంతే మంద ఉంది. మంచం పక్కన కింద కూర్చుని, బీడీ వెలిగించకుండా పట్టుకుని అన్నాడు.

"తమ్మీ, చెప్తె గుస్స గాకు. ఈ ఎండకాలం నీ మందను నా మందతోటి కలిపి మిర్యాలగూడ దిక్కు తోలుకపోత. మిరుగానికి తిరిగొస్త. అప్పటికి నీ మంద ఎన్క నడిచేటోడు ఉంటె అప్పజెప్త. లేదంటె కలిసింది కలిసినట్టే. రొండు మందలను ఇడదీసి కాసుడు నాతోటి కాదు."

"నీతోటి గాకుంటె నా మంద నీదైతదా అన్నా?"

"ఎన్క నడిచినోడిదే మంద. గిది నేను పెట్టిన కట్టుబాటా?"

వదిన వాకిట్లో నుంచే అంది. "నేను నడుస్త బావా."

"నువ్వు గుట్ట మీదుంటె వీన్ని ఎవలు పొర్లిస్తరు స్వర్ణా? మీ అత్త చేతులు జూసినవా?"

మల్లన్న వాసాల వైపు చూస్తూ, "మిరుగం నాడు నా మంద ఎన్క నేనే ఉంట," అన్నాడు.

"ఉండు తమ్మీ. నాకంటె సంబురపడేటోడు ఎవడు?" అని గుర్వయ్య లేచిపోయాడు. ఆ మాటలో ఎగతాళి లేదు. ఉంటే కాస్త నయంగా ఉండేది.

అప్పటికి నేను మెకానికల్ ఇంజినీరింగ్ మూడో ఏడులో వదిలేసి ఇంట్లో తిట్లు తింటున్నాను. పగలంతా మల్లన్న మంచం దగ్గర కూర్చోవడం ఇద్దరికీ వసతిగా ఉండేది. ఒకరోజు ఊరికే ఫోన్లో వీడియో చూపించాను. ఎవరో తెల్లవాళ్లు, పైపులతో అల్లిన పంజరం లాంటి బండి, నాలుగు పెద్ద టైర్లు. నిలువు బండ మీదికి తొండ పాకినట్టు పాకుతోంది.

"మళ్ల పెట్టు," అన్నాడు మల్లన్న. ఆరుసార్లు పెట్టించాడు.

"ఉర్కుతలేదేందిరా? నడుస్తాంది."

"గంతేనన్నా. దీన్ని రాక్ క్రాలింగ్ అంటరు. ఉర్కితె బోర్ల పడ్తది. మనిషి నడిచినంత నిమ్మలంగ పోవాలె."

"గొర్రె నడిచినంత," అన్నాడు. ఇంకొకసారి చూశాడు. "కాళ్లతోటి నడుపుతుండ్రా, చేతులతోటా?"

"కాళ్లతోటే."

"చేతులతోటి నడిపేటట్టు చేస్తవా?"

చేస్తానన్నాను. ఎలా చేయాలో తెలిసి కాదు, ఆ మొహం చూస్తూ కాదనలేక.

కోస్గిలో ఎల్లస్వామి అని ట్రాక్టరు ట్రాలీలు కట్టే వెల్డర్ ఉన్నాడు. ఆయన షాపు వెనక ముళ్లకంపల్లో ఒక పాత జీపు పడి ఉంది. ఒకప్పుడు సీట్ల లెక్కన జనాన్ని ఎక్కించుకుని తిరిగిన బండి. ఆటోలు వచ్చాక మూలకు పడింది. రెండు పొట్టేళ్లిచ్చి దాన్ని తీసుకున్నాం. సంగతి విని ఎల్లస్వామి అద్దాలు నుదుటి మీదికి ఎత్తుకున్నాడు.

"ఇంజినీరింగ్ ఇడిసిపెట్టినోడు ఒకడు, నడుం ఇరిగినోడు ఒకడు. వెల్డింగ్ జేసి జేసి నాకు కండ్లు పోతె జట్టు పూరా అయితది. నడువుండ్రి."

జీపును ట్రాక్టరుకు కట్టి మల్లన్న వాకిట్లోకి లాక్కొచ్చాం. అప్పటికే సంక్రాంతి దాటింది. మందలు వలస పోయాయి. దొడ్డి ఖాళీ. మిరుగానికి ఐదు నెలలు కూడా లేవు.

మొదటి చట్రం నేను పాత బోరు పైపులతో కట్టించాను. ఎల్లస్వామి వద్దన్నాడు. నేను వినలేదు. ఊళ్లో దొరికేవి అవే మరి. ఇంటి వెనక నడుమెత్తు బండ మీదికి ఎక్కించి చూడాలనుకున్నాం. మల్లన్న కూర్చుంటానన్నాడు. "ముందుగాల ఇసుక బస్త కూసుంటది, తర్వాత నువ్వు," అని ఎల్లస్వామి గదిమాడు. బస్తాను సీట్లో తాళ్లతో కట్టి, పక్కనుంచి నేను యాక్సిలరేటరు తీగ లాగాను. ముందు చక్రం బండ ఎక్కింది, బండి పక్కకు ఒరిగింది, అతుకు విడిపోయింది. పైపు పంజరం మొత్తం అప్పడంలా మడతపడి సీటు మీద కూర్చుంది. బస్తా పగిలి ఇసుక కారుతూ ఉంటే ముగ్గురం చూస్తూ నిలబడ్డాం, అంటే ఇద్దరం నిలబడ్డాం. మల్లన్న మంచం మీద బోర్లా పడుకుని చూస్తున్నాడు.

"నీళ్ల పైపు నీళ్లకేరా కృష్ణకాంతూ," అన్నాడు ఎల్లస్వామి. "మనిషికి గాదు."

మల్లన్న ఇసుకనే చూస్తూ, "నెల పాయె," అన్నాడు. అంతే.

మళ్లీ మొదలుపెట్టాం. ఈసారి మందపాటి నల్ల పైపు. దాన్ని వంచే మిషను మా దగ్గర లేదు. పైపు నిండా ఇసుక కూరి, రెండు కొనలు మూసి, పేడపిడకల మంటలో ఎర్రగా కాల్చి, నేలలో పాతిన రెండు రాతి కడీల మధ్య పెట్టి వంచాం. లోపల ఇసుక ఉంటే పైపు నొక్కుకుపోదు. వెనక చక్రాలను కలిపే గేర్లను విప్పి ఒకదానికొకటి అతికించేశాం. లేకపోతే బండ మీద ఒక చక్రం గాలిలోకి లేచినప్పుడు అదొక్కటే గిరగిర తిరుగుతుంది, నేల మీది చక్రం ఊరికే ఉంటుంది. అతికిస్తే రెండూ కలిసే తిరుగుతాయి. గేర్‌బాక్సు వెనక ఇంకో గేర్‌బాక్సు తగిలించాం. రెండూ మొదటి గేరులో పెడితే బండి గొర్రె కంటే నిదానంగా పోతుంది. ఆ నిదానంలో క్లచ్చు తొక్కే పనే లేదు. గేరులో ఉంచి సెల్ఫు కొడితే చాలు, బండి అదే కదులుతుంది. అలా ఒక కాలి పని తప్పించాం. ఇంకో కాలి పనికి, అంటే యాక్సిలరేటరుకు, పాత ట్రాక్టరు చేతి లివరు. బ్రేకుకు ఇంకో లివరు.

ఆ లివర్లన్నీ బండికి సరిపడేలా రాకింది మల్లన్నే. పుండ్ల వల్ల కూర్చోలేడు. మంచం మీద బోర్లా పడుకుని, తల అంచు మీద నుంచి కిందికి వేలాడేసి, కింద పెట్టిన రాతి మీద ఆకురాయితో పొద్దంతా ఇనుము రాకేవాడు. ముక్కు నుంచి చెమట బొట్లు రాతి మీద పడి ఆరిపోయేవి. ఆపమంటే బూతులు తిట్టేవాడు. నన్ను, ఎల్లస్వామిని, గుట్టను, అన్నను. వదినను తిట్టేవాడు కాదు. ఆమె కనపడితే నోరు మూసుకునేవాడు.

ఊరు చూసి నవ్వింది. నవ్వకుండా ఎలా ఉంటుంది? "ఏందిది మల్లన్నా, కోళ్లగంపకు చక్రాలు పెడ్తున్నవ్?" అని ఒకరు. "గొర్లకు పోతున్నవా, సందమామ మీదికి పోతున్నవా?" అని ఇంకొకరు.

"ముందుగాల గుట్ట. ఆడ గడ్డి అయిపోతె సందమామ," అనేవాడు తల ఎత్తకుండానే.

ఏప్రిల్ చివర, బోర్లా పడుకుని పడుకుని పుండ్లు మానేసరికి, బండి కదిలింది. మల్లన్నను ఎత్తి సీట్లో కూర్చోబెట్టి, లారీ బెల్టులతో ఛాతీకి కట్టి, కాళ్లను మెత్తటి గుడ్డతో చట్రానికి కట్టాం. సెల్ఫు కొట్టాడు. బండి వణికి, అడుగు వేసినట్టు ముందుకు పోయింది. పందొమ్మిది నెలల తర్వాత ఆ మనిషి ఇంకొకరు ఎత్తకుండా ఒక చోటి నుంచి ఇంకో చోటికి పోవడం అదే మొదలు. వాకిలి చుట్టూ తిరిగాడు. ఇంటి వెనక బండ ఎక్కాడు, దిగాడు, మళ్లీ ఎక్కాడు. "స్వర్ణా, గిటు సూడు! ఓ స్వర్ణా!" అని అరిచాడు. గంటన్నర దిగలేదు. గుర్వమ్మ ఒకసారి, "ఏందో కమురు వాసన వస్తాంది బిడ్డా," అంది. కొత్త పెయింటు కాలుతోందని నేనే చెప్పాను.

సాయంత్రం కాళ్లకు కట్టిన గుడ్డ విప్పుతూ వదిన అరిచిన అరుపు ఇప్పటికీ నా చెవుల్లోంచి పోలేదు. సైలెన్సర్ పైపును కుడి పిక్క పక్కనుంచి పోనిచ్చింది నేను. మామూలు మనిషి అయితే వేడి తగలగానే కాలు తీసేసుకుంటాడు. మల్లన్న కాలు గంటన్నరపాటు ఆ పైపుకు ఆనుకుని ఉంది. చర్మం గుడ్డతో పాటే ఊడి వచ్చింది. ఆయనేమో ఏమైందో తెలియక మా మొహాలు చూస్తున్నాడు.

"ఏమైంది? ఏమైంది, చెప్పుండ్రి!"

వదిన పళ్లెంలో నీళ్లు తెచ్చి, అద్దం తెచ్చి చూపించింది. ఆయన అద్దంలో తన పిక్కను చాలాసేపు చూశాడు.

"నొస్తలేదుర," అన్నాడు. అప్పుడు ఏడ్చాడు. కాలినందుకు కాదు.

మహబూబ్‌నగర్ దవాఖానలో ఇరవై రోజులు. రెండు నెలలు బండి ఎక్కొద్దన్నారు. నేను ఆ ఇరవై రోజుల్లో సైలెన్సర్ విప్పి, తల వెనక నుంచి పైకి పోయేలా పెట్టి, కాళ్ల దగ్గర రేకు కట్టి, రేకుకు గోనెసంచి చుట్టాను. ఆయన ఎదుటికి పోవడానికి మొహం చెల్లలేదు. ఆయనే కబురు పెట్టాడు: "మిరుగానికి పదిహేను దినాలే ఉన్నయ్. ఎక్కడ సచ్చినవ్రా?"

జూన్ మొదటి వారంలో పిక్కకు కట్టుతోనే బండి ఎక్కాడు. వదిన అడ్డం పడలేదు. అడ్డం పడితే ఏమవుతుందో ఆమెకూ తెలుసు. మంద పోతుంది. మూడుగుండ్ల గుట్టకు పడమటి వైపు కొంచెం వాలు ఉంది. టైర్లలో గాలి సగం తీసేశాం. మెత్తబడ్డ టైరు బండను చేత్తో పట్టుకున్నట్టు పట్టుకుంటుంది. నేను ముందు నడుస్తూ చక్రం ఏ బండ మీద పెట్టాలో చూపించబోయాను.

"నువ్వు జరుగు. గీ గుట్ట నాకెరుక లేదా?" అన్నాడు.

నిజమే. ఎక్కడ పెట్టాలో నాకంటే ఆయనకే తెలుసు. పదిహేనేళ్లు కాలితో ఎక్కిన చోట్లే చక్రంతో ఎక్కాడు. రెండుసార్లు ఒక చక్రం పూర్తిగా గాల్లోకి లేచింది. ఒకసారి బండి ఎంత ఒరిగిందంటే ఆయన చెయ్యి చాపితే బండకు తగిలేది. ఆయన లివరు వదల్లేదు. గంటలో పైన ఉన్నాడు. పడ్డ చోటు పక్కనుంచే పోయాడు, అటు తిరిగి చూడలేదు. పైన ఇంజిను ఆపి, కోస్గి దాకా కనపడే చేలను చూస్తూ, "మొన్నటి వానకు గడ్డి మంచిగ లేసింది," అన్నాడు. ఆ పూట గెలిచామనే అనుకున్నాను.

చెప్పిన మాట ప్రకారం గుర్వయ్య మిరుగానికి ముందురోజు మందలు తోలుకొచ్చాడు. తమ్ముడి గొర్రెలను విడదీసి దొడ్లోకి కొట్టాడు. గొర్రెలు మల్లన్న గొంతు విని మంచం చుట్టూ మూగి, చేతులు నాకాయి. బండి మీద తాటిపత్రి పట్టా కప్పి ఉంది. తాటిపత్రి ఎత్తి చూసి గుర్వయ్య, "నువ్వు పట్టినవంటె ఇడువవ్ తమ్మీ," అన్నాడు. సంబరంగానే అన్నాడు.

తెల్లారి ఊరు సగం వచ్చింది. మంద గుట్ట కిందికి చేరింది, వదిన ముందు. మల్లన్న యాభై అడుగులు వెనక బండిలో. సెల్ఫు కొట్టాడు.

తొంభై తలలు ఒక్కసారి లేచాయి. మరుక్షణం మంద మంద అంతా బండల మీదికి ఉరికింది. ముందున్న వదినను తోసుకుంటూ, ఒకదాని మీద ఒకటి పడుతూ, సందుల్లోంచి, గుండ్ల మీదుగా. మల్లన్న గొంతు చించుకుని పిలుస్తున్నాడు. డీజిలు ఇంజిను మోతలో ఆ పిలుపు నాకే వినపడలేదు. ఇంజిను ఆపేసరికి గుట్ట ఖాళీగా ఉంది. గుర్వయ్య, ఇంకా పదిమంది పొద్దు గూకేదాకా వెతికి తోలుకొచ్చారు.

దొడ్డి తడిక వేశారు. గుర్వమ్మ కొడుకు వైపు తిరిగి అంది.

"నువ్వే నేర్పినవు గద కొడకా."

నాకు అర్థం కాలేదు. నేను గొర్లకాపరుల ఇంట్లో పుట్టలేదు. అప్పుడు గుర్వయ్య చెప్పాడు. వలసపోయే మందలు పెద్ద రోడ్ల వెంట నడవాలి. ఒక లారీ వస్తే ఇరవై గొర్రెలు పోతాయి. అందుకని వాళ్లు గొర్రెలకు రోడ్డు నేర్పుతారు. మందను బాట మీద నిలిపి, వెనకనుంచి ఒకడు మోటారుసైకిలు ఇంజినును గట్టిగా మోగిస్తాడు. ఇంకొకడు అదే క్షణంలో కట్టెతో కొట్టి మందను మిట్ట వైపు తరుముతాడు. ఇంజిను మోత వింటే చాలు, కాపరి చెప్పకుండానే మిట్టకు ఉరికేదాకా నేర్పుతారు. చుట్టుపక్కల ఊళ్లలో ఈ విద్యలో మల్లన్నను మించినవాడు లేడు. పదేళ్లలో ఆయన గొర్రె ఒక్కటి కూడా లారీ కింద పడలేదు.

"మరి నీకు యాదికి రాలేదా అన్నా?" అన్నాను. అడగకుండా ఉండాల్సింది.

"వచ్చింది," అన్నాడు మల్లన్న. "గవి లారీలకు బుగులుపడ్తయ్, నాకెందుకు బుగులుపడ్తయ్ అనుకున్న. నా గొంతు ఇంటె ఆగుతయ్ అనుకున్న."

మర్నాడు ఇంకో దారి ప్రయత్నించాం. మంద కంటే ముందే పైకి పోయి, ఇంజిను ఆపి కూర్చున్నాడు. వదిన మందను కిందినుంచి తోలింది. ఆయన పిలిచాడు. గొర్రెలు పరుగున వచ్చి బండి చుట్టూ మేశాయి. మూడు గంటలు మల్లన్న కాపరే. కానీ గొర్రె ఒకచోట మేసే జీవం కాదు. అక్కడి గడ్డి కొరికి గుట్టకు అవతలి వైపు దిగింది మంద. వెంట పోవాలంటే ఇంజిను మోగాలి. కనుమరుగయ్యేదాకా ఆగి, అప్పుడు మోగించాడు. గుట్టంతా ప్రతిధ్వనించింది. అవతల గొర్రెల అరుపులు, దొర్లే రాళ్ల చప్పుడు వినపడ్డాయి. నేను ఉరికి చూసేసరికి ఒక సూడిగొర్రె సందులో మెడ విరిగి పడి ఉంది. కడుపు ఇంకా కదులుతోంది. దాన్ని చూస్తూ వదిన అంది, "ఇగ సాలు, కృష్ణకాంతూ. మీ అన్నకు నువ్వు జెప్తవా, నేను జెప్పాల్నా?"

ఎవరూ చెప్పాల్సిన పని రాలేదు. మూడోరోజు గుర్వయ్య వచ్చాడు.

"నెల దినాలు ఆగన్నా," అన్నాడు మల్లన్న. "నేర్పినోన్ని, మరిపిస్త. దొడ్లె బండి పెట్టి, తుమ్మకాయ ఏసుకుంట మోత అలవాటు జేస్త."

"నెల దినాలు తొంభై గొర్లను దొడ్లె నిలవెట్టి ఏం మేపుతవ్? తుమ్మకాయ యాడికెల్లి తెస్తవ్? వారానికే బొక్కలు తేల్తయ్ తమ్మీ."

మల్లన్న వదిన వైపు చూశాడు. ఆమె తల వంచుకుంది. నావైపు చూశాడు.

"తోలుకపో," అన్నాడు.

గుర్వయ్య దొడ్డి తడిక తీసి అదిలించాడు. గొర్రెలు నాలుగడుగులు బయటికి పోయి, గిర్రున తిరిగి మల్లన్న మంచం దగ్గరికి వచ్చాయి. మళ్లీ తోలాడు. మళ్లీ వచ్చాయి. మూడు రోజులుగా ఆ గొంతు దగ్గరే ఉన్నాయి మరి. ఒక ముసలి గొర్రె అయితే ముందుకాళ్లు మంచం పట్టె మీద పెట్టి నిలబడింది. గుర్వయ్య కట్టె ఎత్తాడు. కొట్టలేక దించాడు.

"నన్ను బండ్లె కూసోవెట్టు," అన్నాడు మల్లన్న నాతో.

"ఎందుకన్నా?"

"కూసోవెట్టు అంటున్న గదరా!"

ఎత్తి కూర్చోబెట్టాను. బెల్టు కూడా కట్టుకోలేదు. "నువ్వు తొవ్వల ఉండకు, జరుగు," అని అన్నకు చెప్పి, గేరు తప్పించి సెల్ఫు కొట్టి, లివరు పూర్తిగా లాగాడు. ఇంజిను బొబ్బ పెట్టింది. తొంభై గొర్రెలు తడిక విరగ్గొట్టుకుంటూ వీధిలో పడ్డాయి, వీధిలోంచి ఊరి బయటికి. గుర్వయ్య వాటి వెనక ఉరికాడు. మంద కనపడకుండా పోయాక కూడా మల్లన్న లివరు వదల్లేదు. గుర్వమ్మ వచ్చి, ఆయన వేళ్లను ఒక్కొక్కటిగా విప్పింది.

దుమ్ము తగ్గాక చూస్తే వాకిట్లో పిల్లలు ఉన్నాయి. గొర్రెపిల్లలు, పదిహేడు. వలసలో పుట్టినవి. ఎండకు తట్టుకోవని ఉగాదప్పుడు గుర్వయ్య ట్రాలీ ఆటోలో ఇంటికి పంపితే గుర్వమ్మ ఆకు మేపి పెంచింది. అవి రోడ్డు ఎరగవు. మేము ఇనుము కోసినప్పుడు, కొట్టినప్పుడు, ఇంజిను మోగించినప్పుడు పక్కనే మేసినవి. తల్లులు పారిపోయినా ఇవి కదలకుండా పడిపోయిన తడిక ఆకులు కొరుకుతున్నాయి.

వాటి కోసం గుర్వయ్య సాయంత్రం మళ్లీ వచ్చాడు. గుమ్మంలో నిలబడి చూసి, "గవ్విటిని ఉండనియ్," అని పోయాడు.

ఇది జరిగి రెండేళ్లు దాటింది. పదిహేడులో నాలుగు రోగమొచ్చి పోయాయి. మిగిలినవి ఈని, ఈ వానకాలానికి ఇరవై ఆరు. దాన్ని మంద అని ఎవరూ అనరు. ఇల్లు వాటితో గడవదు, వదిన పత్తి ఏరడానికి కూలికి పోతుంది. పిక్క మీది గాయం పూర్తిగా మానలేదు. బండికి నెలకొకసారి ఏదో ఒకటి విరుగుతుంది, ఎల్లస్వామి తిడుతూ అతికిస్తాడు. పొద్దున ఎనిమిదికి ఆయన్ను ఎత్తి సీట్లో కూర్చోబెట్టడం నా పని. ఇరవై ఆరు గొర్రెలు ఇంజిను మోత వెంట గుట్ట ఎక్కుతాయి, మోత ఆగితే ఆగుతాయి.

మొన్న శ్రావణంలో నేనూ పైన ఉన్నాను. ఎదురు వాలులో గుర్వయ్య మంద వచ్చింది. మల్లన్న వెంటనే ఇంజిను ఆపేశాడు. మంద దాటిపోయేదాకా అలాగే కూర్చోవడం ఆయనకు రోజూ ఉండేదేనట. ఎనభై అడుగుల దూరంలో ఆయన పాత గొర్రెలు నింపాదిగా మేస్తూ పోతున్నాయి.

"పిలువరాదన్నా ఒక్కసారి," అన్నాను. "వస్తయేమో."

"వస్తయ్," అన్నాడు. "వచ్చినంక నేను ఇంటికెట్ల పోవాలె?"

మంద గుండ్ల అవతలికి దిగింది. అయినా ఆయన సెల్ఫు మీద చెయ్యి పెట్టలేదు. అన్న అదిలింపులు కూడా వినపడకుండా పోయాక, ఇంకాసేపు ఆగి, అప్పుడు కొట్టాడు.